పల్లేరు సారం

మరిత్సా నదిలో తేలిన శవానికి ముఖం లేదు. బూటు అడుగుల్లో మాత్రం పల్లేరు కాయలు గుచ్చుకుని ఉన్నాయి.

"ఎవడో మూలికల పనివాడు," అన్నాడు కల్నల్ మించెవ్, ప్లోవ్‌దివ్ నగరంలోని గూఢచారి ఆఫీసులో తలుపు గడియ వేస్తూ. "వాణ్ణి చంపి, వాడి పేరు మీద శత్రువుల మనిషి మన మందుల ఫ్యాక్టరీలో చేరాడు. ఎవడో తెలీదు."

"వాళ్ళ ప్లాన్ ఏమిటి సార్?" అన్నాడు ఏజెంట్ యావోర్ ద్రెన్‌స్కీ.

"మగాళ్ళకు సంతానం కోసం మనం చేసే పల్లేరు సారంలో పత్తిగింజల సారం కలపడం. నొప్పి ఉండదు, జ్వరం రాదు. మగవాడిలో బీజకణాలు మెల్లగా చచ్చిపోతాయి."

 ఆ మందు మింగిన ఊళ్ళలో ఎవరి మీద నింద పడుతుందో యావోర్‌కి తెలుసు. తనకు పెళ్ళయి ఆరేళ్ళు. వాళ్ళమ్మ ఇప్పటికీ కోడలు రొసాలీనాను గొడ్డుటావనే పిలుస్తుంది. అడ్డుకోలేని తన చేతగానితనం అతనికి అసహ్యం.

"ఫ్యాక్టరీ క్లినిక్‌కి పేషెంటుగా వెళ్ళు. నీకు పిల్లల్లేరు కాబట్టి వేషం కట్టక్కర్లేదు," అన్నాడు కల్నల్. "అక్కడ డాక్టర్ సెవెరీనా మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఎవరికెక్కువో నాకే అర్థం కావట్లేదు."

సెవెరీనా అందం క్లినిక్ మొత్తాన్నీ నిశ్శబ్దం చేసేది.

"ఈ ఏడు కొంగలు ఆలస్యమయ్యాయి," అన్నాడు యావోర్.

"గూళ్ళు కట్టే ఉన్నాయి," అని కోడ్ పూర్తి చేసి, శాంపిల్ సీసా చేతికిచ్చింది. "వేషమైనా టెస్టు టెస్టే. సిగ్గుపడకండి."

రిజల్టు కోసం వరండాలో కూర్చున్నాడు. ఆ రోజు ఎన్యోవ్‌దెన్, ఎన్యో అని పేరున్నవాళ్ళ పండగ. ప్యాకింగ్ ఆడవాళ్ళు పూలు, రకియా సారా, వేడి బానిత్సా రొట్టెలు పట్టుకుని ఎదురుగా ఉన్న మిక్సింగ్ రూమ్ తలుపు బాదుతున్నారు. కొత్త టెక్నీషియన్ ఎన్యో తల మాత్రం బయటపెట్టాడు.

"ఏంటి?"

"ఏంటేంటయ్యా, నీ పేరు పండగ కదా. గ్లాసులు తియ్యి."

"నేనెవర్నీ పిలవలేదే," అని తలుపు మూసేశాడు.

"పిసినారి సచ్చినోడు. పేరు పండక్కి పిలుపేంట్రా?" అంది ఒకామె. మిగతావాళ్ళు నవ్వారు.

యావోర్ లేచి నిలబడ్డాడు. ఈ దేశంలో పేరు పండక్కి ఎవరూ ఎవర్నీ పిలవరు. తలుపు తీసి ఉంచుతారు, వచ్చేవాళ్ళు వస్తారు. చచ్చినవాడి పేరు, ఊరు, తండ్రి తాతల సంగతులు బట్టీ పట్టినవాడికి ఇది ఎవరూ నేర్పలేదు.

అతను తలుపు తన్ని లోపలికి దూకాడు. ఎన్యో చెయ్యి నల్ల డ్రమ్ము కొళాయి మీద ఉంది. దాని గొట్టం పెద్ద తొట్టెలోకి వంగి ఉంది.

"కదలకండి, యావోర్ గారూ." వెనక సెవెరీనా, చేతిలో పిస్టల్.

"కాల్చెయ్, డాక్టర్," అన్నాడు ఎన్యో.

"మందు పనిచెయ్యకుండా మాత్రమే చేస్తామన్నావు. ఆ డ్రమ్ములో ఉన్నది ఇప్పుడే టెస్ట్ చేశాను, బీజకణాల్ని చంపేదది," అందామె. పిస్టల్ గురి ఎన్యో మీదకు తిరిగింది.

ఎన్యో కొళాయి తిప్పాడు. యావోర్ జేబులోని పెన్ను తీసి క్యాప్ నొక్కాడు. అందులోంచి ఎగిరిన మత్తు సూది మెడలో దిగి ఎన్యో కూలబడ్డాడు. గొట్టం చివర నల్లటి చుక్క సాగుతుండగా యావోర్ దాన్ని లాగి నేల మీదకు తిప్పి, కొళాయి బిగించాడు.

కల్నల్ మనుషులు వచ్చి ఎన్యోకీ సెవెరీనాకీ బేడీలు వేశారు. జీపెక్కే ముందు సెవెరీనా ఆగింది.

"మీ రిజల్టు వచ్చింది. లోపం మీలోనే ఉంది. మీ ఆవిణ్ణి ఏమీ అనకండి."

సాయంత్రం రిపోర్టు విని కల్నల్ సిగరెట్ వెలిగించాడు. "శభాష్. అక్కడ విన్నదొక్కటీ బయటికి పొక్కకూడదు."

"ఒక్క మాట పొక్కాలి సార్."

"ఎవరి దాకా?"

"మా అమ్మ దాకా."

కల్నల్ ఫోను అతని వైపు జరిపాడు. యావోర్ రిసీవర్ ఎత్తి, అమ్మ నంబరు తిప్పాడు.