వినీ వినపడని కొలతలు

పొద్దున్నే మొహం తుడుచుకున్న తువ్వాలు భుజం మీద వేసుకుని మోటార్ల మేస్త్రీ స్పీకర్ల మీద పడ్డాడు. వైరు పీకి మళ్లీ గుచ్చాడు. కంప్యూటరు వెనక రంధ్రంలోంచి తీసి ముందున్న దాంట్లో పెట్టాడు. వాల్యూమ్ గుండీ ఆఖరిదాకా తిప్పాడు. అయినా గోడ అవతల ఎవరో గొణిగినట్టే వినిపించింది.

ఆ గొంతు అతని భార్యది. ఆమె పోయి ఏడు నెలలు. ఇంట్లోనే బట్టలు కుట్టేది. కొలతకని జనం ఇచ్చిన పాత జాకెట్ల మీద టేపు పెట్టి కొలిచేటప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి, రాసుకోకుండా కంప్యూటరు మైకులోకి చెప్పి రికార్డు చేసేది. "భుజం పద్నాలుగు. చెయ్యి తొమ్మిది. మెడ వెనక కాస్త దించాలి." కత్తిరించేటప్పుడు పెట్టుకుని వినేది. మనిషి పోయి, ఎవరెవరి కొలతలో మిగిలాయి. ఆఖరి రోజుది మేస్త్రీ రోజూ వింటాడు. గట్టిగా వినాలని పోయిన వారం పెద్ద స్పీకర్లు కొన్నాడు. పాత బుల్లివాటికన్నా ఇవే ఘోరం.

కంప్యూటర్ల దుకాణం నడిపే బావమరిది దారిలో ఆగి తొంగిచూశాడు. "బావా, విప్పి చుట్టడానికి ఇది మోటారు కాదు. ఆ స్క్రూడ్రైవర్ అవతల పెట్టు."

"నీ దగ్గర కొన్నవే. నోరు లేనివి అంటగట్టావ్."

"నోరుందో లేదో ఇప్పుడే తెలుస్తుంది." వార్తలు పెట్టాడు. గది దద్దరిల్లింది. ఇద్దరూ ఉలిక్కిపడి గుండీ కోసం తడుముకున్నారు.

"స్పీకర్లు బాగానే ఉన్నాయి. అక్క మాట ఒక్కటే రావట్లేదు." తెర అడుగున స్పీకరు బొమ్మ నొక్కి ఒక జాబితా తెరిచాడు. ఒక్కో ప్రోగ్రాముకీ ఒక్కో గీత. అన్నీ వందలో ఉన్నాయి. రికార్డింగులు వినిపించేది మాత్రం నాలుగులో ఉంది.

"ఇది దానంతటది దిగదు బావా. ఎవరో దించారు."

గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. బావమరిదికి చప్పున దుకాణం గుర్తొచ్చింది. చెప్పులు సగం తొడుక్కునే వెళ్లిపోయాడు.

"నువ్వేనా చిన్నీ?"

"నేనే."

"అమ్మ గొంతు వినడం అంత కష్టమైపోయిందా? పోయిన మనిషి మీద కూడా విసుగేనా?"

"విసుగు కాదు నాన్నా."

"మరేంటి? కాయలు కాచిన చేతుల్తో నిన్ను చదివించింది ఇందుకా? నేను చదువులేనోణ్ణి, ఏం చేసినా కనిపెట్టలేననేగా!"

"నువ్వు వినకూడదని తగ్గించా!" ఆమె గొంతు లేచింది. "ఆ రోజు నాలుగో జాకెట్టు తర్వాత అమ్మ నన్ను పిలిచింది. మంచినీళ్లు అడిగింది. రెండుసార్లు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నా. వెళ్లలేదు. చిన్న స్పీకర్లలో సరిగా వినపడదు కదా అని ధైర్యంగా ఉన్నా. నువ్వు పెద్దవి కొన్నావ్. అది వింటే ఇక నా మొహం చూస్తావా?"

మేస్త్రీ కుర్చీలో కూలబడ్డాడు. భార్య వంటింటి నేల మీద పడి ఉండగా దొరికిన ఆ రోజు గురించి తండ్రీకూతుళ్లు ఇంతవరకూ ఒక్క మాట అనుకోలేదు.

"నాకు తెలుసు. మొదటిసారే విన్నా."

"తెలిసీ రోజూ ఎందుకు?"

"నీ తర్వాత నన్ను పిలిచింది. వరండాలో మోటారుకు తీగ చుడుతున్నా. మధ్యలో లేస్తే చుట్ల లెక్క తప్పుతుంది. 'వస్తున్నా' అన్నా. అన్నానో, అనుకుని ఊరుకున్నానో తెలీట్లేదమ్మా. పిచ్చెక్కుతోంది. అది తెలుసుకుందామనే ఈ పెద్ద స్పీకర్లు."

కూతురు గుమ్మం దగ్గర్నుంచి లోపలికి వచ్చింది. తనే ఆ గీతను వందకు లాగి, అమ్మ పిలిచిన చోట రికార్డింగు పెట్టింది.

"చిన్నీ, కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టమ్మా." బుస్సుమని ఖాళీ శబ్దం. "చిన్నీ... ఏమండీ!"

ఆ బుస అడుగున, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, విసుగ్గా ఒక మగగొంతు: "ఆఁ, వస్తున్నా!"

మేస్త్రీ స్పీకరుకు చెవి ఆనించాడు.

మైకుకు మొహం తిప్పేసిందేమో, ఆమె మాట పల్చగా వచ్చింది. ముక్కులోంచి చిన్న నవ్వు. "వచ్చారులే. ముందా చుట్లు అవ్వాలిగా. పిల్ల చదువుకుంటోంది కాబోలు, నేనే తాగొస్తా." కుర్చీ జరిగింది.

మేస్త్రీ గబుక్కున ఆపేశాడు. ఆ తర్వాత నలభై సెకన్లు ఏమీ ఉండదు. ఆపైన గిన్నె పడ్డ చప్పుడు. అది అతనొక్కడికే తెలుసు.

"నవ్వింది నాన్నా," అంది కూతురు ఏడుస్తూ. "మన మీద కోపం రాలేదు."

"వచ్చినా బాగుండేదమ్మా. కోపమొస్తే గట్టిగా అరిచేది. అరిస్తే లేచేవాణ్ణి."

ఆమె వచ్చి అతని మోకాలి మీద తల పెట్టుకుంది. ఆ తల మీద చెయ్యి వేశాక అతనికీ ఏడుపు ఆగలేదు.

వీధిలోంచి ఎవరో కేకేశారు. "మేస్త్రీగారూ, మా మోటారు అయిందా?"

అలవాటుగా నోటిదాకా వచ్చిన 'వస్తున్నా'ను మింగేసి, గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాడు. "రేపు రండి! మా అమ్మాయి దగ్గర కూర్చున్నా!"