సిక్ లైన్‌లో ఆగిన ఉత్తరం

సంతకం కలవలేదని బ్యాంకులో ఆమె నా కాగితం వెనక్కి ఇచ్చేసింది.

బిలాస్‌పూర్ గోల్ బజార్ వెనకాల బ్రాంచి అది. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. కూలర్‌లోంచి తడి గడ్డి వాసన వస్తోంది గాని చల్లదనం లేదు. నేను గూడ్సు బండి గార్డుని. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, పని మాత్రం అదే. బొగ్గు బండి దిగి డ్యూటీ బట్టలతోనే వెళ్ళాను. కొత్తగా వచ్చిన ఆఫీసర్ మేడమ్ తలెత్తకుండా హిందీలో అడిగింది, రికార్డులో సంతకం హిందీలో ఉంది, ఇక్కడ ఇంకేదో భాషలో ఉంది, రెండూ ఒక మనిషివేనా అని.

ఒక మనిషివే అన్నాను. మధ్యలో తెలుగు నేర్చుకున్నానని చెప్పాను.

ఆమె పెన్ను ఆగింది. కాగితం మీద నా పేరు చదివింది, రాజేంద్ర. దాని కింద మా నాన్న పేరు చదివింది, చిన్నారావు. అప్పుడు తలెత్తింది. ఎడమ కనుబొమ మధ్యలో వెంట్రుకలు మొలవని చిన్న గీత ఉంది. ఆ గీత నాకు తెలుసు. రైల్వే కాలనీలో మా క్వార్టర్ జామచెట్టు మీంచి పడినప్పుడు తగిలిన దెబ్బ అది.

"పుస్తకం పూర్తి చేసినావేటి?" అంది, తెలుగులో.

ఇరవై మూడేళ్ళ తరవాత నీలవేణి నన్ను అడిగిన మొదటి మాట అది. పూర్తయిందని తలూపాను. నా వెనకాల వరసలో ఉన్నాయన దగ్గాడు.

ఆ పుస్తకం గురించి చెప్పాలంటే ముందు యుద్ధం గురించి చెప్పాలి. వచ్చేస్తుంది, వచ్చేస్తుంది అని అందరూ అనుకున్న యుద్ధం. చివరికి రాలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, ఆమెకి ఎనిమిది. రెండు వేల రెండు, జనవరి. వాళ్ళ నాన్న రమణమూర్తి గారు సైన్యంలో హవల్దారు. ఆయన్ని సరిహద్దుకి పంపేశారు. వాళ్ళమ్మ ఉషారాణి గారు కూతుర్ని తీసుకుని బిలాస్‌పూర్‌లో అన్నగారింటికి వచ్చింది. ఆ అన్నగారు గోవిందరావు మావయ్య, మా పక్క క్వార్టర్ ఆయనే. కాలనీలో తెలుగువాళ్ళందరికీ ఒకరికొకరు వరస ఉండేది, చుట్టరికం ఉన్నా లేకపోయినా. అలా నీలవేణి వచ్చిన రోజే మా అమ్మని అత్తా అని పిలిచింది. నన్ను మాత్రం, తెలుగు చదవడం రాని తెలుగోడేటి అని నవ్వింది.

నాకు కోపం వచ్చింది. నాకు తెలిసిన విద్య ఒకటే, రైలు. మా నాన్న యార్డులో వ్యాగన్లు పరీక్ష చేసేవాడు. సుత్తితో చక్రం మీద కొట్టి చప్పుడు వినేవాడు. బాగుంటే ముందుకి కదిలేవాడు. లేకపోతే సుద్దతో 'సిక్' అని గుర్తు పెట్టేవాడు. సిక్ అంటే జబ్బు వ్యాగన్. దాన్ని బండిలోంచి విడదీసి, మరమ్మతుకి పక్క పట్టాల మీదకి లాగేసేవారు. ఆ పట్టాలే సిక్ లైన్.

నేను నీలవేణితో గొప్పలు పోయాను. మా నాన్న సుద్దతో రాసింది బండి ఎంత దూరం వెళ్తే అంత దూరం వెళ్తుందని, జమ్మూ దాకా వెళ్తుందని.

ఆమె నవ్వలేదు. నెల రోజులుగా వాళ్ళకి ఉత్తరం రాలేదు.

"అయితే నాకూ ఓ సుద్ద తే," అంది.

మర్నాడు నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు ఆమె నాతో వచ్చింది. యార్డు చివర సరిహద్దుకి సైన్యం సరుకు మోసే మిలిటరీ స్పెషల్ బండి ఆగి ఉంది. నాన్న, మిగతా వాళ్ళు గదిలో అన్నాలు తింటున్నారు. ఓ డబ్బా వ్యాగన్ తలుపు కింది అంచున నీలవేణి నాలుగు వరసలు రాసింది. నేను కాపలా కాశాను. ఏం రాసిందో నాకు తెలియదు, చదవడం రాదు కదా. నాన్నకి దొరికిపోయి ఇద్దరం తిట్లు తిన్నాం. పట్టాల వైపు మళ్ళీ వస్తే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. అయినా సంతోషంగానే ఇంటికొచ్చాం.

మాకు తెలియదు గాని, ఆ రోజు నాన్న సిక్ అని గుర్తు పెట్టిన వ్యాగన్ అదే. ఆయన అవతలి పక్క రాశాడు, మేం ఇవతలి పక్క రాశాం.

నాన్న తిట్టాడు గాని క్యారేజీ పట్టుకెళ్ళేది నేనే. కాకపోతే ఆ రోజు నుంచి గది గుమ్మం దాకానే. ఎనిమిది రోజుల తరవాత ఆయన సిక్ లైన్ దగ్గర పనిలో ఉంటే అక్కడికి రమ్మన్నారు. వెళ్ళి చూస్తే ఆ వ్యాగన్ నిలబడి ఉంది. నాలుగు వరసలూ అలాగే ఉన్నాయి. మంచు పడి ఒక అక్షరం మాత్రం కాస్త చెరిగింది. అక్కడ కాలనీలో నీలవేణి, బండి ఇవాళ ఫలానా ఊరు చేరి ఉంటుందని గోడ మీద రోజుకో గీత పెడుతోంది.

నేను ఆ అక్షరాలను బొమ్మలు గీసినట్టు నోటుబుక్కులోకి ఎక్కించుకుని, ఇంటికొచ్చి అమ్మకి చూపించాను. మా అమ్మ పేరు కనకమహాలక్ష్మి. పలాస దగ్గర పల్లెలో అయిదో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుని చదివింది.

"నాన్నా, అమ్మ అన్నం తినడం లేదు. నేను రెండు పూటలా తింటున్నాను. బండిలో చోటుంటే వచ్చెయ్. నీల."

అమ్మ పొయ్యి మీంచి పాలు దించింది. పోయిన ఏడాది క్యాలెండర్ కాగితం ఒకటి చింపి, వెనకాల పెద్ద పెద్ద అక్షరాలతో రాసి నా చేతిలో పెట్టింది. మర్నాడు పొద్దున్నే నాన్న కంట పడకుండా దాన్ని చూసి వ్యాగన్ మీద దించడానికి నాకు గంట పట్టింది. 'నీలా, ఇక్కడ చలి ఎక్కువ. నేను బాగున్నాను. అమ్మని తినమను. నాన్న.'

ఆ మధ్యాహ్నమే మరమ్మతయిన వ్యాగన్‌ని కాలనీ కంచె పక్క లైన్లోకి తెచ్చారు. నీలవేణిని లాక్కెళ్ళి, జవాబు వచ్చిందన్నాను. ఆమె చదివింది. అంత చిన్న ఉత్తరానికి చాలాసేపు చదివింది. ఆ తరవాత నన్నోసారి చూసి ఇంటికి పరిగెత్తింది. ఆ పూట పక్క క్వార్టర్ కిటికీలోంచి ఉషారాణి గారు ఇంకొంచెం పప్పు వెయ్యమనడం నా చెవులతో విన్నాను.

ఆ ఏడాది దసరా దాటాక సైన్యాన్ని వెనక్కి పిలిచారు. రమణమూర్తి గారికి కుటుంబాన్ని పెట్టుకునే చోట పోస్టింగ్ వచ్చింది. వీళ్ళు వెళ్ళిపోయే రోజు నీలవేణి రైలు కిటికీలోంచి తన ఒకటో తరగతి తెలుగు పుస్తకం నాకిచ్చింది.

"నేర్చుకో. మళ్ళీ అవసరం పడొచ్చు," అంది.

మళ్ళీ గొప్పలు పోతోందనుకున్నాను. నాన్నకి దగ్గర్లోని బిల్హా స్టేషన్‌కి బదిలీ అయింది, అక్కడి పల్లె బడిలో హిందీలో చదివాను. ఇంటికొచ్చి ఆ పుస్తకం చదివాను. అట్ట ఊడిపోయేదాకా చదివాను.

బ్యాంకులో కాగితం సరి చేసుకున్న తరవాత నాకక్కడ పనేమీ లేదు. అయినా నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగోసారి నీలవేణి, పాస్‌బుక్కు ప్రింటు వేయడానికి కొత్తగా ఏమీ పడలేదు కదా అంది. నేను కూలర్ వైపు చూశాను. సాయంత్రం ఆరింటికి బయటికొస్తాను, చెప్పాలనుకున్నది అక్కడ చెప్పమంది. ఆరింటికి ఆమె నాతో తెలిపారా అనే పేట దాకా నడిచింది. గోవిందరావు మావయ్య రిటైరయ్యాక అక్కడే ఇల్లు తీసుకున్నాడు, ఆమె ఉంటున్నదీ అక్కడే. దారంతా ఆమే మాట్లాడింది. గుమ్మం దగ్గర ఆగి, రోజంతా గార్డు డబ్బాలో ఒక్కడివే కూచుంటావు కదా, నోరు తుప్పు పట్టిందేటి అని అడిగింది. కాస్త పట్టిందన్నాను.

రెండు వారాల్లో మావయ్యా అమ్మా మాట్లాడేసుకున్నారు. నీకిష్టమేటని అమ్మ అడిగితే, రొట్టె ఇవాళ మెత్తగా ఉందన్నాను. అమ్మకి అర్థమైంది. రమణమూర్తి గారు ఊరి నుంచి బయలుదేరి వచ్చే ఆదివారానికి దిగుతారని, ఆయన చూసి సరేనంటే ముహూర్తాలేనని అనుకున్నారు.

అవి మే మొదటి రోజులు. టీవీలో మళ్ళీ యుద్ధం మాటలే. మావయ్య ఇంట్లో మమ్మల్ని భోజనానికి పిలిచారు. టీవీ కట్టేసి నీలవేణి చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పింది. సరిహద్దు నుంచి నాన్న తనకి వ్యాగన్ మీద సుద్దతో జవాబు రాశాడట. అలాంటి ఉత్తరం ఎవరికీ వచ్చి ఉండదట. కంచంలోకి చూస్తూ చెప్పింది. అందరూ ముచ్చటపడ్డారు.

నేను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఆదివారం ఆయన దిగుతారు. ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. నేను రాయలేదే అంటాడాయన. ఇన్నేళ్ళు దాచుకున్న ఉత్తరం అబద్ధమని ఆమెకి పదిమందిలో తెలుస్తుంది. ఆ తరవాత నా మొహం ఎందుకు చూస్తుంది.

వెనక్కి వస్తూ బిల్హా లోకల్లో అమ్మకి ఆ మాటే చెప్పాను, రాసింది నువ్వు కదా, నువ్వే చెప్పమన్నాను.

"నేను రాసింది కాయితం మీద," అంది అమ్మ. "వ్యాగన్ మీద రాసింది నువ్వు. నువ్వే చెప్పాల."

బుధవారం ప్రయత్నించాను. సరిహద్దులో దాడులు మొదలయ్యాయని పొద్దున్నే వార్త. నీలవేణి మొహం పీక్కుపోయింది. గోల్ బజార్లో జిలేబీ కొనిపెట్టి, ఆ రోజు ఆ వ్యాగన్ ఉంది చూడు అని మొదలుపెట్టాను. ఉంది, అయితే ఏటి అంది. డబ్బా వ్యాగన్ అరవై టన్నులు మోస్తుందని చెప్పాను. ఆమె కాసేపు నన్ను చూసి జిలేబీ తింది.

ఇక మిగిలింది శనివారం. ఆ సాయంత్రం నా డ్యూటీ దిగే వేళకి ఆమె స్టేషన్‌కి వచ్చింది. ఓవర్‌బ్రిడ్జి మీద ఉండగా వాన పట్టుకుంది. ఎండాకాలపు వాన, పెద్ద పెద్ద చినుకులు, కాలిన ఇనుము మీద పడి ఆవిరి లేస్తోంది. కింద టార్పాలిన్లు కప్పిన బండి ఒకటి నెమ్మదిగా కట్నీ వైపు పోతోంది. ఆమె దాన్నే చూస్తోంది. చివరి డబ్బా దాటేదాకా ఆగాను.

"ఆ వ్యాగన్ ఎక్కడికీ ఎల్లలేదు," అన్నాను.

ఏ వ్యాగన్ అని ఆమె అడగలేదు.

"సిక్ లైన్లో ఉండిపోయింది. జవాబు రాసింది మీ నాన్నగారు కాదు. నేను."

"అచ్ఛా. ఇంకా?"

"అక్షరాలు అమ్మవి. సుద్ద నాది. రేపు ఆయన వచ్చేలోగా నీకు చెప్పాలనుకున్నాను. ఇప్పుడు నువ్వు వద్దంటే..."

నీలవేణి చున్నీ కొసతో మొహం తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వానలో తెలియలేదు.

"మా నాన్న ఎంత పొడుగో తెలుసేటి నీకు?" అంది. "ఆరడుగుల రెండంగుళాలు. ఆ అక్షరాలు నా ముక్కుకి ఎదురుగా ఉన్నాయి. అంత కిందన రాయాలంటే మా నాన్న మోకాళ్ళ మీద కూకోవాల. పైగా నీ నిక్కరంతా సుద్ద."

నేను రైలింగ్ పట్టుకున్నాను. ఆ రోజే తెలుసా అని అడిగాను.

"చదివినప్పుడే తెలుసు. కానీ అమ్మకి చెప్తే అన్నం తిన్నాది. అమ్మ తిన్నాక ఇంక దాన్ని అబద్ధమని ఎలా అంటాను?"

"మరి మొన్న అందరి ముందూ..."

"నువ్వెప్పుడు చెప్తావోనని. మూడు వారాలు చూసినాను. అరవై టన్నులని చెప్పినావు."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆమె గొంతు తగ్గించి, ఈ నాలుగు రోజులూ టీవీ చూస్తుంటే తనకి మళ్ళీ ఎనిమిదేళ్ళు వచ్చినట్టుందని, నాన్న ఇంట్లోనే ఉన్నాడని తెలిసి కూడా భయమేసిందని చెప్పింది. అంత భయమేస్తే ఇప్పుడు ఎవరికి రాస్తావని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"నీకే," అంది. "నీకిప్పుడు చదవడం వచ్చు కదా."

వాన సగం తగ్గింది. ఆమె ఫోన్ మోగింది. మావయ్య. సరిహద్దులో కాల్పులు ఆపుతున్నారని టీవీలో చెప్తున్నారట, తొందరగా రమ్మన్నాడు. మేం తొందరపడలేదు.

ఆదివారం పొద్దున్న అందరం ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. మా నాన్న అలవాటు కొద్దీ బండి చక్రాల వైపే చూస్తున్నాడు. ఉషారాణి గారు ముందు దిగింది. మా అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, బాగా చిక్కిపోయావు వదినా, తినడం లేదేటి అంది ఆవిడ.

వెనకాల రమణమూర్తి గారు బోగీ గుమ్మంలో తల వంచుకుని, ఓ మోకాలు పట్టుకుని దిగాడు. దిగాక నిటారుగా నిలబడ్డాడు. నేను తలెత్తి చూడాల్సి వచ్చింది. కాళ్ళకి దణ్ణం పెట్టాను.

"నా బదులు సంతకం పెట్టింది నువ్వేటి?" అన్నాడు.

నీలవేణి ఎటో చూస్తోంది. ఈయనకి ఎన్నేళ్ళ కిందట చెప్పిందో.

"అవునండి," అన్నాను.

"కాస్త పైకి రాయాల్సింది, బాబూ."

అని నా భుజం మీద చెయ్యి వేసి ఓవర్‌బ్రిడ్జి మెట్ల వైపు నడిచాడు. మోకాలు నొప్పి కాబోలు, మెట్టు మెట్టుకీ బరువంతా నా మీదే వేశాడు.