పిచ్చుక కుర్చీ మీద చెయ్యి

ఫొటోలో నలభై మందికి పైగా ఉన్నారు. ముంగిసకు కనిపించింది మాత్రం ఒక్క చెయ్యి. అది అతని భార్య కూర్చున్న కుర్చీ వీపు మీద తీరిగ్గా వాలి ఉంది.

"ఎవడు సార్ వీడు?"

"అది మనకి అనవసరం," అన్నాడు చీఫ్. "బ్రీఫింగ్ విను."

ముంగిస వినలేదు. చెయ్యి వెంట చూపు పైకి పోనిచ్చాడు. ఖరీదైన సూటు, ఒత్తయిన మీసం. అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఈ మహానుభావుడు మాత్రం కుర్చీలో మనిషినే చూస్తున్నాడు. ముంగిసకు ఒళ్లు భగ్గుమంది.

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే ముంగిస పేరు చెబితే విదేశీ ముఠాలకు ముచ్చెమటలు పట్టేవి. అంతటివాడికి ఇంట్లో మనిషి లేక రెండేళ్లయింది. ఫైళ్లలో ఆమె పేరు పిచ్చుక. పొరుగు దేశంలో ఒక షిప్పింగ్ కంపెనీలో స్టెనో. కంపెనీ పైకి మాత్రమే, లోపలంతా గూఢచారి ముఠా. ఆమె పంపే రిపోర్టుల్లో లోకం రహస్యాలన్నీ ఉంటాయి, మొగుడికంటూ ఒక్క ముక్క ఉండదు. అది రూలని ముంగిసకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

"పిచ్చుక ఈ సాయంత్రం విమానమెక్కి వచ్చేస్తోంది," చీఫ్ గొంతు తగ్గించాడు. "తమలో ఎవరో లీక్ చేస్తున్నారని ముఠాకి అనుమానం వచ్చింది. ఎవరన్నది ఇంకా తెలీదు. సరిగ్గా ఇప్పుడే వాళ్ల కంపెనీ పార్టీ ఫొటో మన మ్యూజియం వెబ్‌సైట్‌లో తేలింది."

"మ్యూజియంకేం పని సార్?"

"'ఓడలూ రేవులూ' అని కొత్త కలెక్షన్. ఎవరో పేరు చెప్పని దాత ఇచ్చాట్ట. బీరువాల్లో ఉన్నవన్నీ స్కాన్ చేసి జనానికి పెట్టేస్తున్నారు. ఎవరైనా చూడొచ్చు, ఎంతైనా జూమ్ చేసుకోవచ్చు, తెలిసిన మొహం కనిపిస్తే కింద పేరు రాయొచ్చు. మనం దాచిపెట్టి బతుకుతాం, వాళ్లు చూపించి బతుకుతారు. ఏ పుణ్యాత్ముడో 'ఈ అమ్మాయి మా వీధిలోనే ఉండేది' అని రాశాడనుకో..."

అక్కడితో ఆపాడు. ఎయిర్‌పోర్టులో పిచ్చుకను పట్టుకోవడానికి ముఠాకు ఆ ఒక్క లైను చాలు. పట్టుకుంటే ప్రాణాలతో వదలరు.

"ఫొటో తీయించేస్తే?"

"ఎందుకు తీశారని ఇంకా అనుమానం. అందుకే ఈ పెన్‌డ్రైవ్. దీన్ని పెడితే అదే ఫొటో మసకబారి ఆ చోట్లో కూర్చుంటుంది. డిజిటల్ విభాగం చూసే మేడమ్ మన ఇన్‌ఫార్మరే, గది చూపిస్తుంది. కానీ ఏ ఫొటోనో, అందులో ఎవరో ఆవిడకి కూడా తెలియకూడదు. పెట్టు, వచ్చెయ్. ఆ చెయ్యి జోలికి పోకు."

"ఆ చేత్తో నాకేం పని సార్?" అన్నాడు ముంగిస పళ్లు కొరుకుతూ.

మధ్యాహ్నానికి ఒక రిటైర్డ్ మాస్టారు మ్యూజియం మెట్లెక్కాడు. తెల్ల విగ్గు, అతికించిన మీసం, చేతికర్ర. కర్ర కొసలో మత్తు సూది.

లోపల పెద్ద హాల్లో వాలంటీర్లు కంప్యూటర్ల ముందు వరసగా కూర్చున్నారు. కొందరు పాత ఉత్తరాలు కళ్లు చికిలించి చదువుతూ టైపు చేస్తున్నారు. ఒకతను చేతి గ్లౌజులతో గాజు నెగెటివ్‌ను లైటు బల్ల మీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెడుతున్నాడు. గోడ మీద సినిమా తెరంత స్క్రీన్ ఉంది. ఇంతలో మేడమ్ వచ్చింది. ముదురాకుపచ్చ సిల్కు, ఎర్రటి గోళ్లు. ఆమె నడిచొస్తుంటే టైపు చేసే వేళ్లు చాలావరకు ఆగిపోయాయి.

"దుమ్ము పడితే తుమ్ములొస్తాయా?" అడిగాడు ముంగిస.

"తుమ్మితేనే దుమ్ము కదులుతుంది మాస్టారూ," ఆమె నవ్వింది. కోడ్ సరిపోయింది.

చిన్న గది చూపించింది. "మీక్కావలసింది తెరుచుకోండి. నేను చూడను," అని తలుపేసి వెళ్లిపోయింది.

ముంగిస ఫొటో తెరిచాడు. పెన్‌డ్రైవ్ చేతిలో ఉంది. పెట్టేస్తే పని అయిపోయేది. కానీ పెట్టాక అన్నీ మసకే కదా! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చూసి పెడదామనుకున్నాడు.

మీసం మీద జూమ్ చేశాడు. వెంట్రుక వెంట్రుకా తెలుస్తోంది. సొంత మీసమే, తనలా జిగురుతో అతికించుకున్నది కాదు. రంగేమైనా వేశాడేమోనని తల వెతికాడు. వెయ్యలేదు. పోనీ పుచ్చిపన్నయినా ఉందా? పలువరస ముత్యాల్లా ఉంది. చేతి మీదికి వెళ్లాడు. వేలికి ఉంగరం లేదు, అంటే పెళ్లి కాలేదన్నమాట! ముంగిస కళ్లల్లో నిప్పులు పోసుకుని మళ్లీ మీసం దగ్గరికే వచ్చాడు. రెండేళ్లపాటు ఈ నవ్వు రోజూ తన భార్య ఎదురుగా ఉంది. అతనికి ఏడుపొచ్చినంత పనయింది. ఆ వేడికి చెమట పట్టి, జిగురు కరిగి, తన పెట్టుడు మీసం సగం ఊడి పెదవి మీదికి జారింది.

దాన్ని సరిచేసుకోవడానికి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, బాత్రూమ్ వైపు హాల్లోంచి నడిచాడు.

"కాస్త జరుగుతారా మాస్టారూ? మా అన్నయ్య కనిపించట్లేదు," అంది ఒక ముసలావిడ.

గోడ స్క్రీన్ మీద ఓడ దగ్గర నిలబడ్డ కూలీల గుంపు. అందులో ఒక కుర్రాడి మొహం మీద ఎర్రటి మరక వెలుగుతోంది.

"ఆ ఎరుపేంటమ్మా?"

"జనం ఎక్కడ జూమ్ చేస్తే అక్కడ ఎర్రబడుతుందండీ. ఎవరికేది ఇష్టమో చూసి, వీళ్లు దాని గురించి ఇంకా వివరాలు వెతికి పెడతారట. ఈ ఎరుపంతా నాదే. పొద్దుట్నుంచీ వాణ్ణే చూసుకుంటున్నా. ఓడెక్కినవాడు మళ్లీ రాలేదు, ఇంట్లో వాడి బొమ్మ ఒక్కటైనా లేదు."

ఎక్కడ చూస్తే అక్కడ ఎరుపు! అంటే ఇంతసేపూ తను చూసిందంతా ఎవరో చూస్తూనే ఉన్నారు. ముంగిస వెనక్కి పరుగెత్తాడు.

గదిలో అతని కుర్చీలో మేడమ్ కూర్చుని ఉంది. ఒక చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు, రెండో చేతిలో ఫోను. బల్ల మీద కర్ర పెట్టమని పిస్తోలుతోనే సైగ చేసింది. ముంగిస కుంటుతున్నట్టు నటించాడు. సరే ఉంచుకోమంది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేదెవరో చూద్దామనే ఆ ఫొటో దానం చేశాం," అందామె. "మీ డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి చూస్తారని తెలుసు. ఎవర్ని చూస్తారో అదే కావాలి. మ్యూజియం వాళ్లు మంచికి పెట్టుకున్న ఏర్పాటు, మాకు పనికొచ్చింది."

"రెండు పడవల మీద కాళ్లన్నమాట."

"మునగనంతవరకూ తప్పేముంది? మీ మరక ఆ మగవాడి మొహం మీంచి చెయ్యి దాకా పాకింది. చెయ్యేమో ఆ అమ్మాయి భుజం పక్కనే ఉంది. ఇద్దరిలో ఎవరు?"

ఫోన్లోంచి ఒక బొంగురు గొంతు పలికింది. "త్వరగా చెప్పండి మేడమ్. ఎయిర్‌పోర్టులోనే ఉన్నాం. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. ఆ అమ్మాయి విమానమెక్కబోతోంది. వీడు సాగనంపడానికొచ్చాడు, పూలగుత్తి పట్టుకుని."

"పూలా!" అని ముంగిస కేక పెట్టాడు.

మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. కర్ర విసరొచ్చు, కానీ అవతల వింటున్నవాళ్లు ఇద్దర్నీ పట్టుకుంటారు. ముంగిస ముందున్నది ఒకే దారి, అతని జన్మలో అంత కష్టమైన దారి ఇంకోటి ఎదురవలేదు. అతను మోకాళ్ల మీద పడ్డాడు.

"వాడు నా తమ్ముడు మేడమ్! ఒక్కగానొక్క తమ్ముడు! పూలంటే వాడికి చిన్నప్పట్నుంచీ ప్రాణం. వాణ్ణేం చెయ్యొద్దు. మీ కాళ్లకి దణ్ణం పెడతాను!"

కన్నీళ్లు ధారగా కారాయి. వాటిలో ఒక్క చుక్క కూడా దొంగది కాదు, రెండేళ్ల కుళ్లంతా కరిగి కారింది. ఊడిన మీసం మేడమ్ చెప్పు మీద పడింది. అంతటి ఏడుపును నమ్మకుండా ఉండటం ఎవరి తరమూ కాదు.

"మగవాడే," అంది ఫోన్లో. "పట్టుకోండి. అమ్మాయిని వెళ్లనివ్వండి." ఫోను కట్ చేయడానికి ఆమె చూపు దించిన క్షణంలో కర్ర కొస ఆమె మోకాలికి తగిలింది. మేడమ్ కీబోర్డు మీద మెల్లగా వాలిపోయింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "విమానం లేచింది. ఎయిర్‌పోర్టులో ముఠావాళ్లు ఎవణ్ణో ఈడ్చుకెళ్లారట. వాడు 'నేనే మీ బాస్‌ని' అని ఒకటే అరుపులు. నమ్మేదెవరు? టైపు చేసిన ఆర్డర్లు అందడమే తప్ప, బాస్ ఎవరో వాళ్లలో ఎవరికీ తెలీదు."

"నిజంగా బాసేనా సార్?"

"బాసే. రెండేళ్లుగా పిచ్చుక వెతుకుతున్నది వాడి కోసమే. వాళ్ల మనుషుల చేతే పట్టించావు. శభాష్! అవునూ, అంత కచ్చితంగా వాడి మీదే గురి ఎలా పెట్టావు?"

"అనుభవం సార్," అన్నాడు ముంగిస.

మర్నాడు పొద్దున్న పిచ్చుక వంటింట్లో తన పాత కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతోంది. ముంగిస ఎదురుగా కూర్చుని ఆమెను కళ్లారా చూసుకుంటున్నాడు. ఆమె మొహం మాత్రం ముడుచుకునే ఉంది. చీఫ్ ఇచ్చిన ఆ ఫొటో ప్రింటు తీసి బల్ల మీద పరిచింది. మీసం ఎరుపు, పళ్లు ఎరుపు, జుట్టు ఎరుపు, చెయ్యి నిప్పుకణిక. పక్కన కుర్చీలో ఆమె మొహం మాత్రం మచ్చ లేకుండా తెల్లగా ఉంది.

"రెండేళ్ల తర్వాత పెళ్లాం ఫొటో దొరికింది. అంతసేపు చూశావు. నా మొహం మీద ఒక్కసారి, ఒక్కసారైనా జూమ్ చెయ్యాలనిపించలేదా నీకు?"

ముంగిస తల దించుకున్నాడు. గుక్క కూడా తిప్పుకోకుండా ఆమె దులిపేస్తుంటే, "పొరపాటే", "నిజమే", "నాదే తప్పు" అంటూ అన్నిటికీ ఒప్పుకున్నాడు. ఆమె అలిసిపోయి కప్పు అందుకునేదాకా ఆగాడు.

"అది సరే గానీ," అన్నాడు మెల్లగా, "ఆ పూలు ఏ రంగువి?"