బాతుకొవ్వు పూసిన గడియారం

శనివారం పొద్దున్న హిట్టీ మొక్కజొన్న రొట్టెను నిప్పుల మీంచి దించుతోందే గానీ, చెవి మాత్రం వంటింటి మూలకే ఉంది. అక్కడ మనిషికన్నా పొడుగ్గా నిలబడి ఉంది గడియారం. దాని నిలువుపెట్టెలో ఇసుక నింపిన రేకు డబ్బాలు తాళ్లకు వేలాడుతున్నాయి. లోలకం కదలడం లేదు.

లోపలి చక్రాలన్నీ చెర్రీ చెక్కవి. ప్రతి పన్నూ హిట్టీ కోసిందే. ఆమె తండ్రి జబేజ్ ఆ కనెక్టికట్ కొండల్లో పేరున్న గడియారాల మేస్త్రీ. ఈమధ్య కళ్లకు పొర కమ్మడంతో, చక్రాలకు పళ్లు కోసే యంత్రాన్ని నది ఒడ్డున కొత్తగా పెట్టిన మిల్లుకు అమ్మేస్తానన్నాడు. హిట్టీ అడ్డం పడింది. చివరికి ఆయనే ఒక మాట అన్నాడు. ఆమె చేసిన గడియారం ఆదివారం నుంచి ఆదివారం దాకా ఆగకుండా నడిస్తే యంత్రం ఆమెది. ఆగితే మిల్లు బండి వస్తుంది.

గడువు ముగిసే ఆదివారం రేపే.

"ఆగిందా?" బల్ల దగ్గర నుంచి అడిగాడు జబేజ్.

"ఆగింది నాన్నా."

"ముందు తినండి," అంది తల్లి కెజయా గబగబా. "గడియారం ఆగితే కడుపులు కూడా ఆగుతాయా?"

జబేజ్ తినలేదు. కర్ర తీసుకుని గేటు దాకా వెళ్లి, అటుగా పోతున్న ఊరూరా తిరిగే వర్తకుడి చేత మిల్లుకు కబురు పెట్టాడు.

హిట్టీ పీట ఎక్కి గడియారం ముఖం ఊడదీసింది. చక్రాల మధ్య వేలు పెడితే జిగురుగా తగిలింది. పళ్ల సందుల్లో దుమ్ము ముద్దలు కట్టి ఉంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. బాతుకొవ్వు. చిన్నప్పుడు చలికాలం దగ్గొస్తే అమ్మ వెచ్చచేసి గుండెలకు రాసి, పైన ఉన్నిగుడ్డ చుట్టేది. ఆ వాసన ఆమెకు నిద్రలో కూడా తెలుస్తుంది.

వెనక్కి తిరిగి చూసింది. కెజయా అప్పుడే కడిగిన పళ్లేన్నే మళ్లీ కడుగుతోంది.

హిట్టీ మళ్లీ గడియారం వైపు తిరిగింది. చక్రాలు ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పేర్చి, పక్కనే ఉన్న తండ్రి పనికొట్టులోకి వెళ్లి యంత్రం ముందున్న పీట మీద కూర్చుంది.

మధ్యాహ్నానికి మిల్లు యజమాని లోత్రప్ ఇద్దరు మనుషులతో వచ్చాడు.

"లే అమ్మాయ్, దారివ్వు," అన్నాడు జబేజ్.

"లేవను."

లోత్రప్ నవ్వాడు. "మా మిల్లులో ఆడపిల్లలకీ పని ఉందమ్మా. గడియారం ముఖాల మీద పువ్వులు వెయ్యొచ్చు. చల్లగా నీడపట్టున కూర్చుని చేసే పని."

"పువ్వులు నాకు రావండీ. పళ్లే వచ్చు."

"వచ్చేలాగే ఉన్నాయి, దగ్గరికొస్తే కొరికేస్తావ్!"

"హిట్టీ! మాటంటే మాట. గడియారం ఆగింది," జబేజ్ గొంతు పెంచాడు.

"ఆగింది. ఎందుకాగిందో నాకు తెలుసు. పాడైన చక్రాలు మళ్లీ కోస్తాను. ఇంకో ఆదివారం దాకా చూడండి."

"ఎందుకాగింది?"

"చెప్పను."

"చెప్పుకోలేని తప్పు చేశావన్నమాట. పచ్చి చెక్క వాడుంటావు."

"నా చెక్క ఎండిందే. నా పళ్లూ సరైనవే. చెప్పనంటే చెప్పను నాన్నా, కానీ ఇక్కణ్ణుంచి లేవను. యంత్రంతో పాటు నన్నూ బండెక్కించుకోమనండి."

లోత్రప్ మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పిల్లని అనకండి," అంది గుమ్మం దగ్గర నుంచి కెజయా. చేతిలో కొవ్వు కుండ ఉంది. "నేనే పూశాను."

"ఏం పూశావే?"

"బాతుకొవ్వు. మొన్నటి నుంచీ అది కిర్రుమంటోంది. మీ చెవిన పడితే పిల్ల ఓడిపోయిందంటారని భయమేసింది. మా నాన్న బండి ఇరుసుకి ఇదే పూసేవాడు. పిల్లల దగ్గులకీ ఇదే పూశాను. ఈ ఇంట్లో దీనికి నయం కానిదేముంది?"

"చెక్క చక్రానికి కొవ్వు తగలకూడదని తెలీదూ?"

"ఎవరు చెప్పారండీ నాకు? పెళ్లైనప్పట్నుంచీ ఈ కొట్టు గుమ్మం తొక్కనిచ్చారా?" కెజయా కొవ్వు కుండ కింద పెట్టింది. "గెలిపిద్దామనుకుని నా చేత్తో నేనే పాడు చేశాను."

జబేజ్ కూతురి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"వాసన చూడగానే."

"యంత్రం పోతుంటే నోరెత్తవేం మరి?"

"యంత్రాన్ని ఎలాగూ పోనివ్వను. మధ్యలో అమ్మెందుకు?"

ఆయన కర్ర పొడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లి బల్ల మీద తడిమాడు. వారమంతా ఆ గడియారాన్ని ఆయన ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు పెద్ద చక్రం తీసుకుని కొట్టులోకి తిరిగొచ్చి, బొటనవేలితో పళ్లన్నీ ఒక చుట్టు తడిమాడు. కొవ్వు తుడిచి మళ్లీ తడిమాడు. ఒకచోట వేలు ఆగిపోయింది.

"పన్ను వెనకంచు ఇలా చెక్కడం ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు. మీరు చేస్తుంటే చూశాను."

ఆయన చక్రాన్ని గుండెలకు ఆనించుకున్నాడు. పొర కమ్మిన కళ్లలోంచి నీళ్లు జారాయి. తుడుచుకోలేదు.

"లోత్రప్, బండి తిప్పుకో."

"అదేంటి పెద్దాయనా! మాటంటే మాటన్నావ్?"

"మాట గడియారం గురించి. ఇక్కడ అడ్డం పడింది మా ఆవిడ బాతు."

లోత్రప్ మనుషులు పకపకా నవ్వారు. లోత్రప్ కూడా నవ్వలేక నవ్వి టోపీ పెట్టుకున్నాడు.

బండి వెళ్లాక జబేజ్ కొట్టు గోడకు ఆనించిన ఎండిన చెర్రీ పలకను తడిమి తీసి, కూతురి ముందు పెట్టాడు. "ఇది మంచిది. దీంట్లో కోయి." గుమ్మం వైపు తల తిప్పాడు. "ఏమే, అక్కడే నిలబడ్డావేం? లోపలికి రా. పిడి తిప్పడానికో మనిషి కావాలి. ముందు ఆ చేతులు కడుక్కో."

కెజయా బూడిదతో మోచేతుల దాకా తోముకుని వచ్చింది. గుమ్మం దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగింది. తర్వాత చిన్నపిల్లలా రెండు చేతులూ కూతురి ముందు చాపింది.

హిట్టీ ఆ చేతులు పట్టుకుని ముక్కుకు ఆనించుకుంది. చాలాసేపు వదల్లేదు. కళ్లు తడిశాయి గానీ గొంతు మాత్రం మేస్త్రీ గొంతే.

"ఇంకోసారి కడుక్కో అమ్మా."