నల్లరాతి మీద అడ్డగీత

స్వరూప సొరంగం గోడలోని రాతి ముఖాన్ని తుడిచి అరచెయ్యి ఆనించింది. చెయ్యి నునుపుగా సాగిన వైపే ఎదుటి రాయి ఒకప్పుడు జారింది. రాతి మీది గీతల్ని చదివే రేఖాపాఠకులకు నేర్పే మొదటి పాఠం ఇదే.

ఈ ముఖం మీద మాత్రం రెండు వరసల గీతలున్నాయి. పాత నిలువు గీతల్ని కోసుకుంటూ కొత్తవి అడ్డంగా పోతున్నాయి. వాటిలోని రాతిపొడి ఇంకా వేళ్లకు అంటుతోంది. లావా గడ్డకట్టిన కాలపు ఒత్తిడి ఎప్పుడో చల్లారిపోయిందని, అందరి కొలతల్నీ కలిపి పటం గీసే యంత్రం శిలాస్మృతి అంటుంది. చల్లారిన నేలలో ఈ పొడి ఎక్కణ్ణించి వచ్చింది?

అడ్డగీత కొలత ఎక్కించింది. చేతిపలక ఎర్రబడింది. "సరిపోలలేదు. మళ్లీ చదవండి."

ఆమె అనుమానం ఇవాళ్టిది కాదు. చారులో ఉప్పు సరిపోయిందా అంటే నలుగురు నాలుగు మాటలు చెబుతారు. మరి ఈ సొరంగంలో ఇంతమంది చేతులకు ఒకే జవాబు ఎలా వస్తోంది? ఎర్రదీపం వెలిగితే డ్యూటీ దిగనివ్వరు. అందుకే పచ్చదీపం వచ్చేదాకా అందరూ కొలత పరికరాన్ని కాస్త కాస్త వంచుతారు. యంత్రం ఆ వంకర కొలతల్నే చూసుకుని మురిసిపోతుంది.

"ఏమ్మా, ఇంకెంతసేపు?" పర్యవేక్షకుడు విఠల్ వచ్చాడు. "దిగువపేట తలుపు ఇయ్యాల్నే తెరవాలె. జనం సామాన్లతోని నిలవడ్డరు."

నేల కింద తొలిచిన ఆ కొత్త పేటలో కాపురానికి వచ్చిన జనంలో స్వరూప చెల్లెలు యశోద ఉంది, పిల్లలతో సహా.

"సార్, ఈ పగులు మొన్నమొన్ననే కదిలింది. జర చెయ్యి పెట్టి సూడుండ్రి."

విఠల్ జేబులోంచి చెయ్యి తీయలేదు. "పటమంతా పచ్చగున్నది. నీ ఒక్క గీతకు ఆపుతమా? కొద్దిగ వంచు, అయిపోతది."

అంటే ఈయనకూ తెలుసన్నమాట! స్వరూపకు ఒళ్లు మండింది. అదే కొలత మళ్లీ ఎక్కించింది. ఎరుపు.

మూడోసారీ సరిపోలకపోతే తప్పు చేతిదేనని నియమం. ఉద్యోగం పోతుంది. ఆ చెయ్యి ఇంతవరకు చదివిన గీతలన్నీ పటంలోంచి రాలిపోతాయి. దిగువపేట గోడల్లో సగానికి పైగా చదివింది స్వరూపే.

ఆమె ఏం చేయబోతోందో విఠల్‌కు అప్పుడు అర్థమైంది. "పిచ్చి లేసిందా? కొలువు పోతది!"

మూడోసారీ అదే కొలత ఎక్కించింది.

"మీ చెయ్యి తప్పని ఒప్పుకుంటారా?" పలక అడిగింది.

ఇంత సరిగ్గా ఆమె ఏ రాతినీ చదవలేదు. "అవును" నొక్కింది.

దిగువపేట చుట్టూ పచ్చచుక్కలు ఆరిపోయాయి. తలుపు తెరవడానికి సరిపడా గీతలు పటంలో మిగల్లేదు.

యశోద ఫోన్ చేసింది. "అక్కా, తలుపు తెరుస్తలేరు. ఏమైందే?"

"నా చెయ్యి తప్పిందంట. నువ్వు పిల్లల్ని తీస్కొని పైకి నడువు."