చెంచా చప్పుడు

ఆ సోమవారం కూడా భాస్కర్ రావు తెల్లారగానే లేచి వంటింట్లో కాఫీ కలుపుతున్నాడు. జర్మనీలోని ఆ బ్రెమెన్ ఊళ్లో ఎప్పటిలాగే ముసురు. పక్క గదిలో భార్య శ్యామలాదేవి మంచం మీద ఉంది. ఏడాది కిందట పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. అప్పటి నుంచి ఎడమచేత్తో స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి మొగుణ్ణి పిలుస్తుంది. ఒక దెబ్బంటే మంచినీళ్లు, రెండంటే బాత్రూం, మూడంటే ఊరికే వచ్చి కూర్చోమని. నోరు మెదపకుండానే నన్ను ఆడిస్తోందని ఆయన నవ్వేవాడు.

వారం రోజులుగా ఆ చప్పుడే లేదు. మొదట్లో అలిగిందేమో అనుకున్నాడు పిచ్చి మనిషి. కాఫీ పట్టుకుని గదిలోకి వెళ్లేసరికి పక్క తడిసిపోయి ఉంది. ఆమె గోడవైపు తిరిగి ఏడుస్తోంది.

వెనకే కొడుకు జితేంద్ర, కోడలు స్నిగ్ధ వచ్చారు.

“వారంలో ఇది మూడోసారి, నాన్నా. అమ్మ కొడుతూనే ఉంది. మా గదిలోకి వినబడింది.”

“వినబడితే నువ్వు రావచ్చుగా?”

“ఆఫీసు కాల్‌లో ఉన్నాను. మీరు పక్కనే ఉన్నారుగా. చెవి మిషన్ పెట్టుకునే ఉన్నారు. నా మాటలన్నీ వినబడుతున్నాయి. అమ్మ పిలిస్తేనే వినబడదా?”

 నాలుగు రోజులుగా భాస్కర్ రావును తినేస్తున్న భయం కూడా అదే. కొన్ని వినబడి కొన్ని వినబడకపోతే తేడా చెవుల్లో కాదు, బుర్రలోనే వచ్చిందేమో.

“గురువారం ఫ్లేగెహైమ్‌లో, అదే ఇక్కడి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో, అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అమ్మని అక్కడ నర్సులు రాత్రీ పగలూ చూసుకుంటారు. ఇక మీవల్ల కాదు.”

“మూడు దెబ్బలంటే ఏంటో ఆ నర్సులకి తెలుసా?”

స్నిగ్ధ భర్త చెవి దగ్గరకు వంగి, “ఇప్పుడొద్దండీ,” అని గుసగుసగా అంది.

“ఇప్పుడు కాకపోతే ఎప్పుడమ్మా?” అన్నాడు భాస్కర్ రావు.

అంతలో శ్యామలాదేవి చెంచా అందుకుంది. ఉన్న బలమంతా కూడదీసుకుని గ్లాసు మీద బాదింది. జితేంద్ర ఉలిక్కిపడ్డాడు. భాస్కర్ రావుకు చెంచా ఆడడం కనిపించింది. చప్పుడు మాత్రం దూది మీద కొట్టినట్టుంది.

ఆయన కాఫీ కింద పెట్టాడు.

“కోడలి గుసగుస విన్నానురా. ఈ చెంచా వినబడట్లేదు. తేడా నాలో లేదు, ఈ మిషన్‌లో ఉంది.”

స్నిగ్ధ మామగారి ఫోన్ తీసి, మిషన్ తాలూకు యాప్ తెరిచి చదివింది.

“వారం కిందటి ఆదివారం లోపలి ప్రోగ్రాం మారింది, మావయ్యగారూ. కొత్త వెర్షన్‌లో గిన్నెల, చెంచాల చప్పుడు మిమ్మల్ని ఇబ్బంది పెట్టదని రాశారు. ఎవరు చేశారిది?”

జితేంద్ర తల్లి మంచం అంచున కూలబడ్డాడు.

“నేనే. కొత్తది కదా, మంచిదే అనుకున్నాను. మిమ్మల్ని అడగనైనా లేదు.”

మధ్యాహ్నం స్నిగ్ధను అత్తగారి దగ్గర ఉంచి తండ్రీ కొడుకులే మిషన్ కొన్న షాపుకు వెళ్లారు. అక్కడి ఆవిడ విని ఆశ్చర్యపోయింది. ఆమె చెప్పింది జితేంద్ర తెలుగులో చెప్పాడు.

“అందరూ ఈ చప్పుడు తీసెయ్యమనే వస్తారట. కొత్తదాంట్లో అలా తీసెయ్యకుండా ఆపే వీల్లేదట. పాత వెర్షన్ ఎక్కిస్తుంది గానీ మాటలు ఇంత స్పష్టంగా వినబడవంటోంది, నాన్నా.”

“మాటలు కాస్త తగ్గినా పరవాలేదని చెప్పు.”

ఇంటికొచ్చి ఆయన కాఫీ పెట్టబోతుంటే పక్క గదిలోంచి మూడు దెబ్బలు వినబడ్డాయి. చెవి గింగురుమంది. పొయ్యి దగ్గరే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

గదిలోకి వెళ్లేసరికి జితేంద్ర అప్పటికే తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఉన్నాడు.

“మూడంటే ఊరికే రమ్మనేగా, నాన్నా? గురువారం అపాయింట్‌మెంట్ వద్దని చెప్పేశాను.”

శ్యామలాదేవి కొడుకు తల మీది నుంచి చెయ్యి తీసి, గుమ్మంలో ఉన్న మొగుణ్ణి చూస్తూ మళ్లీ మూడుసార్లు కొట్టింది.

“వస్తున్నానే,” అన్నాడు భాస్కర్ రావు.