మూడూ నలభైకి అడ్మిన్ ఎవరు

మదనపల్లెలో తెల్లవారుజామున బస్సెక్కి, పుంగనూరులో ఇంకోటి మారి, కుప్పంలో దిగేసరికి జగదీష్ మోకాళ్లు అతని మాట వినడం మానేసేవి. అది రెండువేల ఎనిమిది. బెంగళూరు కంపెనీ ఒకటి అమ్మిన కంప్యూటర్ సామాన్లకు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోనూ డాక్టరు అతనొక్కడే. ఆ రోజు పని ఒక గ్రానైట్ కంపెనీలో. అక్కడి సర్వర్లను, రాతిపలకల ఫొటోలు దాచే స్టోరేజిని కలిపేది స్విచ్ అనే ఒక పెట్టె. లాగిన్ కాబోతే అది ఒప్పుకోలేదు. అడ్మిన్ అప్పటికే లోపల ఉన్నాడంది.

"ఎవరండీ నాకంటే ముందు లోపలికి పోయింది?"

"నేనే సార్," అంది పక్క టేబుల్ దగ్గరి అమ్మాయి, టిఫిన్ డబ్బా మూత పెడుతూ. "బయటికి రావల్లంటే వస్తాను. ఊరికే అరవద్దండి."

"అరవలేదు మేడం. నా గొంతే అంత."

"ఆ గొంతేదో స్విచ్‌కు సూపించండి. పనన్నా అవతాది."

ఆమె పేరు భారతి. కంప్యూటర్లు చూసుకునేది ఆమె ఒక్కతే. అడ్మిన్‌లు మాత్రం నలుగురు: ఆమె, జగదీష్, మేనేజర్ గంగులయ్య, మేనేజర్ గారి బామ్మర్ది. పాస్‌వర్డ్ రాసిన కాగితం స్విచ్ పక్కనే గోడకు అంటించి ఉంది.

"సార్, నా పేరుతో ఒక అకౌంట్ పెట్టియ్యండి. అందరం ఒకే పేరుతో తిరగతాంటే ఎవరేం చేసినారో యాడ తెలస్తాది?"

"వచ్చే నెల పెడతా మేడం. నాలుగు గంటల బస్సు పోతాది."

వచ్చే నెలా అదే బస్సు, అదే జవాబు. ఐదు నెలలు గడిచాయి. ఈలోగా ఆమె డబ్బాలోని ఉర్లగడ్డ తాళింపు రుచి తెలిసింది. ఆమె నవ్వితే ముందు కళ్లు నవ్వుతాయని తెలిసింది. కుప్పం వెళ్లే రోజు చొక్కా ఇస్త్రీ చేయించడం అలవాటైంది. అకౌంట్ మాత్రం పెట్టలేదు. అలసిన ఒళ్లు ప్రేమకు కూడా లొంగదు.

గంగులయ్య భోజనానికి వెళ్తే మళ్లీ దొరకడని, జగదీష్ విజిట్ రిపోర్టులో ముందే సంతకం చేయించుకునేవాడు. ఆ మంగళవారమూ అంతే. 'పని ముగిసింది, రెండున్నర' అని రాయించుకున్నాక ఒక చిన్న పని మిగిలింది, ఫొటోలకు కొత్త సర్వర్ వచ్చాక వాడకంలో లేని పాత సర్వర్ పేరును స్విచ్‌లోంచి తీసేయడం. మూడూ నలభైకి, గడియారం చూస్తూ తీసేశాడు. సంచి భుజాన వేసుకుని బస్సుకు పరుగెత్తాడు.

గురువారం మధ్యాహ్నం పలమనేరులో పని ముగించుకుని పుంగనూరు బస్టాండులో దిగాడు. మదనపల్లె బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి, ఎన్నాళ్లకో సీటు పట్టాడు. కళ్లు మూసుకోగానే ఫోన్ మోగింది.

"సార్, భారతిని." గొంతులో ఎప్పటి ఎకసెక్కం లేదు. "మంగళవారం ఫొటోల సర్వర్‌కు స్టోరేజి తెగిపోయింది. నిన్నంతా కూసోని నేనే సరిజేసినా. మేనేజర్ సారు స్విచ్ రాసుకునే లాగ్ సూసి, చెడగొట్టింది అడ్మిన్, బాగుజేసింది అడ్మిన్, రెండూ నువ్వే అంటాండాడు. రేపట్నుంచి రావద్దంట."

"ఎన్ని గంటలకు తెగిందంట?"

"మూడూ నలభైకి. మీ పని అయిపోయిందని నేను మూడుకే లేచి క్యాంటీన్‌కు పోయినా. ఆ టైంలో ఆడ ఒక్కదాన్నే ఉండాను, సాక్షం ఎవరూ లేరు. మీరు రెండున్నరకే ముగించినట్ల రిపోర్టులో ఉండాది. మా నాయనకు ఏం చెప్పాలో తెలీలేదు సార్."

జగదీష్‌కు మంగళవారం తీసేసిన పేరు గుర్తొచ్చింది. తను తీసేసింది పాత సర్వర్‌ను కాదు, కొత్తదాన్ని. ఆ సంగతి తెలిసినవాడు తనొక్కడే. కాగితం కూడా తన పక్షానే ఉంది. నోరు మూసుకుని కూర్చుంటే గంటలో ఇల్లు.

డ్రైవరు బస్సు స్టార్ట్ చేశాడు. జగదీష్ కర్చీఫ్ కూడా తీసుకోకుండా దిగేశాడు. కుప్పం దాకా నిలబడే వెళ్లాడు.

చేరేసరికి సాయంత్రమైంది. గంగులయ్య ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. భారతి తన సామాన్లు సంచిలో సర్దుకుంటోంది.

"ఆ మూడూ నలభై అడ్మిన్ నేను సార్," అన్నాడు జగదీష్. "రిపోర్టులో టైం ముందే రాయించుకున్నా. తప్పు నాది."

గంగులయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గమ్మునుంటే ఎవరికి తెలిసేదప్పా?"

"నాకు తెలుసు కదా సార్."

"మీ కంపెనీకి రాస్తా. ఇంకొకర్ని పంపమంటా. ఆ పాప ఉద్యోగానికి ఏమీ కాదులే."

"రాయండి సార్. పోయేముందు ఒక బాకీ పని చేసి పోతా."

స్విచ్ ముందు కూర్చుని భారతి పేరుతో అకౌంట్ తెరిచాడు, అన్ని అధికారాలతో. గంగులయ్యకు ఒకటి, చూడటానికి మాత్రమే. బామ్మర్దికి ఏమీ లేదు. పాత అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, గోడ మీది కాగితం చించేశాడు. భారతి పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చినప్పుడు కీబోర్డు ఆమె ముందుకు జరిపి, తను గోడవైపు తిరిగాడు. వెనకాల కీలు నెమ్మదిగా చప్పుడు చేశాయి.

"ఫోన్‌లోనే చెప్పుంటే సరిపోయేది కదా," అంది భారతి. "ఇంత దూరం యాల వచ్చినారు?"

"ఐదు నెలలుగా నువ్వడిగింది ఒక్క అకౌంట్. అలసిపోయినానని పెట్టలేదు." గోడకే చెబుతున్నాడు జగదీష్. "నువ్వంటే నాకిష్టం. అది గూడా వచ్చే నెల చెబుదాంలే అనుకుంటానే వచ్చినా."

భారతి మళ్లీ కీబోర్డు లాక్కుంది. టకటకా ఏదో కొట్టింది. అతను తిరిగి చూస్తే తెరమీద ఇంకో అకౌంట్, జగదీష్ పేరుతో.

"నేనింక రాను కదా."

"వచ్చేదీ రానిదీ మీ కంపెనీ చెప్పేది గాదు. పాస్‌వర్డ్ కొట్టు." ఈసారి ఆమె గోడవైపు తిరిగింది. "నీకు గూడా సూసేదానికి మాత్రమే. చెయ్యి పెట్టేదానికి లేదు."

'సార్' ఎక్కడో జారిపోయింది.

"ఆదివారం మా ఇంటికి రా," అంది ఆమె, గోడవైపే చూస్తూ. "ఇందాక మేనేజర్ ముందర చెప్పినట్ల, గోడకు చెప్పింది మా నాయన ముందర గూడా నువ్వే చెప్పు."

"ఈ ఆదివారమా?" మోకాళ్లు ఒక్కసారి మూలిగాయి.

"వచ్చే నెల అన్నావంటే అకౌంట్ తీసేస్తా."